ఐరోపా పునరుజ్జీవన కవులు – తల్లిభాష

ఒక చలికాలమున శ్రోతల అభిప్రాయములు తెలిసికొను పనిమీద ప్రొద్దుటూరికి పోయి, అచ్చటినుండి రాజుపాలెము చేరితిని. కుందూనది ప్రక్కనుండు నల్లరేగడి చేలలో శనగ పైరు పచ్చగా నుండెను. ఒక యింటి పంచలో గోడగూటియందు రేడియో మ్రోగుచుండెను. ఇంటి పెద్దాయన నన్ను కూర్చుండబెట్టి మజ్జిగ యిప్పించి, రాబోవు ప్రసంగము లేవని యడిగెను. ఐరోపాలోని పునరుజ్జీవన కాలపు కవులను గూర్చి యొకటి కలదంటిని. ఆయన నవ్వి, "యా దేశమోళ్ళ పద్యాలో మాకేమిటికి సామీ? నా మనమడు ఇంగ్లీషు బడిలో సదువుకుంటాండాడు. నేను పాడే వేమన పద్యమే వానికి అర్థం కాదు. ముందు దానికేమన్నా దారి సెప్పండి" అనెను.

ఆయన రెండు సంగతులు చెప్పితిననుకొనెను. నాకు మాత్రము ఆ రెండును ఒకటే సంగతిగా తోచినవి. ఆ దేశపు కవులకును ఆనాడు ఇదే చిక్కు వచ్చినది. బడిలో నేర్చిన గౌరవభాష యొకటి, తల్లి నేర్పిన యింటిభాష మరియొకటి. ఏ భాషలో వ్రాసిన నిలుతుము? ఈ ప్రశ్నకు వారు తమ బ్రతుకులతో చెప్పిన సమాధానమే నేటి ప్రసంగము.

పునరుజ్జీవనమనగా మరల బ్రతుకుట. మరల బ్రతికినది ప్రాచీన గ్రీకు, రోమను వాఙ్మయము. పదునాలుగవ శతాబ్దమున ఇటలీలో మొదలైన ఈ కదలిక క్రమముగా ఫ్రాన్సు, స్పెయిను, పోర్చుగలు, ఇంగ్లండు దేశములకు వ్యాపించి పదునేడవ శతాబ్దారంభము వరకు సాగెను. దాని తొలిపని ప్రతుల వేట. మఠములలో, చర్చి గ్రంథాలయములలో దుమ్ముగొట్టుకొని పడియున్న వ్రాతప్రతులను వెదకి, పోల్చి, తప్పులు దిద్ది, మరల వ్రాయించుటతో ఇది ఆరంభమైనది. 1345లో పెట్రార్కు అను కవి వెరోనా నగరమున సిసెరో లేఖలను కనుగొని, ఆ సంతోషము పట్టలేక, దాదాపు పదునాలుగు వందల యేండ్ల క్రిందట చనిపోయిన సిసెరోకే యొక జాబు వ్రాసెను! 1417లో పోజ్జో బ్రాచ్చోలీని అను పండితుడు ఒక మఠమున లుక్రీషియసు కావ్యమును కనుగొనెను.

ఈ పోజ్జోతో మనకొక చుట్టరికము కలదు. వెనిసు వర్తకుడైన నికొలో కాంటి తూర్పుదేశములు తిరిగి, విజయనగరమును చూచి, స్వదేశమునకు మరలగా, అతని కథను విని లాటినులో వ్రాసినవాడు పోజ్జోయే. తెలుగును "తూర్పుదేశపు ఇటాలియను" అని కాంటి మెచ్చెనని మనలో చెప్పుకొనుట వాడుక. ఆయన కథనమున ఆ మాట కానరాదు. అది పందొమ్మిదవ శతాబ్దపు ఆంగ్లేయుల వ్రాతలలో వ్యాపించిన మాట.

ప్రతుల వేట యెట్టిదో కడప జిల్లావారికి వేరుగ చెప్పనక్కరలేదు. 1820లో కడపకు ఉద్యోగియై వచ్చిన చార్లెసు ఫిలిప్పు బ్రౌను అచ్చట బంగళా కొని, సొంత జీతములిచ్చి పండితులను నియమించి, తాళపత్ర గ్రంథములను తెప్పించి, పాఠములు పోల్చి శుద్ధప్రతులు వ్రాయించెను. 1829లో వేమన పద్యములను ఆంగ్లానువాదముతో అచ్చువేయించెను. పోజ్జోవంటివారు ఇటలీలో చేసిన పని యిదే. కడపలో బ్రౌను పేరిట వెలసిన భాషా పరిశోధన కేంద్రము ఆ శ్రమకు గురుతు.

ఇక కవుల సంగతి. వీరిలో పెద్దవాడు పైని చెప్పిన పెట్రార్కు. 1304లో పుట్టి 1374లో గతించెను. ఆయన పూర్వులలో దాంతే తన మహాకావ్యమును టస్కనీ దేశభాషలో వ్రాసి త్రోవ తీసెను. అయినను పండితుల సభలో లాటినుకున్న గౌరవము దేశభాషకు లేకుండెను. దేశభాష గొప్పతనమును నిరూపింపగోరిన దాంతే సహితము ఆ వాదగ్రంథమును లాటినులో వ్రాయవలసి వచ్చెను. వినవలసిన పండితులకు ఆ భాషయే చెవి కెక్కును గదా.

పెట్రార్కు తన కీర్తినంతయు లాటినునందే పెట్టుకొనెను. కార్థేజి వీరుడైన హానిబలును గెలిచిన రోమను సేనాని స్కిపియో కథను "ఆఫ్రికా" అను లాటిను మహాకావ్యముగా వ్రాయ నారంభించెను. ఆ కావ్యము నుండి వచ్చిన పేరు ముఖ్యాధారముగా 1341 ఏప్రిలులో రోము నగరపు కాపిటలు కొండమీద ఆయనకు కవి కిరీటము పెట్టిరి. ఆ కావ్యము మాత్రము ఆయన బ్రతికియుండగా పూర్తి కాలేదు. నేడు దానిని చదువువారు పరిశోధకులే.

లారా అను స్త్రీని 1327లో ఆవిన్యో నగరపు చర్చిలో తొలిసారి చూచితినని పెట్రార్కు వ్రాసికొనెను. ఆమెపై ప్రేమను, 1348లో ఆమె మరణించిన పిమ్మట కలిగిన దుఃఖమును దేశభాషలో చిన్న పద్యములుగా చెప్పుచు వచ్చెను. అవి మొత్తము 366. అందు 317 సానెట్టులు. వానికి తానిడిన లాటిను పేరునకు "దేశభాషలోని తునుకలు" అని అర్థము. పండితుల యెదుట వానిని అల్పములని తేలికగా మాటలాడెను. కాని, రహస్యముగా తుదియేండ్ల వరకు ఆ తునుకలనే దిద్దుచుండెను. ఒక మాటను కొట్టివేసి వేరొక మాట పెట్టిన ఆయన చేతివ్రాత పుటలు నేటికిని వాటికను గ్రంథాలయమున నున్నవి. ఐరోపా కవులందరు రెండు మూడు వందల యేండ్లు వల్లెవేసినది ఈ తునుకలనే.

ఇట్టి కథ తెలుగుదేశమునను జరిగినది. 1509 నుండి 1529 వరకు విజయనగరము నేలిన శ్రీకృష్ణదేవరాయలు సంస్కృతమున పలు కృతులు రచించెను. ఆముక్తమాల్యద పీఠికలో, కళింగ దండయాత్రకు పోవుచు కృష్ణాతీరమందలి శ్రీకాకుళమున విడిసినపుడు ఆంధ్రమహావిష్ణువు కలలో కనబడి, ఆ సంస్కృత కృతుల నెంచి చెప్పి, ఇక తెలుగున నొక కావ్యము చేయుమని కోరినట్లు రాయలే చెప్పెను. ఆ సంస్కృత కృతులలో జాంబవతీ కళ్యాణ నాటకము దక్కినది. ఆంధ్రుల నోట రాయల పేరు కవిగా నిలిచినది మాత్రము తెలుగు కావ్యముచేతనే. రాయలు రాజ్యమేలుచుండగా, 1516లో, ఇటలీలో అరియోస్తో అను కవి తన "ఓర్లాండో" కావ్యమును దేశభాషలో తొలిసారి అచ్చువేయించెను. ఒకరిమాట యొకరికి తెలియదు. కాలము మాత్రమొకటే.

సానెట్టు అనగా నేమో కొంచెము వివరించెదను. ఇది పదునాలుగు పాదముల పద్యము. పదుమూడవ శతాబ్దమున సిసిలీ రాజాస్థానమున పుట్టినది. పెట్రార్కు చేతిలో అది రెండు భాగములుగా స్థిరపడెను. మొదటి యెనిమిది పాదములలో కవి యొక భావమునో సందేహమునో ఎత్తుకొనును. తొమ్మిదవ పాదమున మలుపు వచ్చును. చివరి యారు పాదములు ఆ భావమునకు బదులు చెప్పును, లేదా దానిని తలక్రిందు చేయును.

సీసపద్యమును రాగమెత్తి చదువగా వినిన మన శ్రోతలకు ఈ నడక క్రొత్త గాదు. సీసమున నాలుగు దీర్ఘపాదములు. ఒక్కొక్క పాదము రెండుగా విరుగుటచే ఎనిమిది ముక్కలు వినబడును. వానిలో కవి ఒకే త్రాటిపై పోలికలు గ్రుచ్చుచు పోవును. పిదప ఎత్తుగీతి వచ్చును. నడక మారును, శ్వాస మారును, చెప్పిన దంతయు నాలుగు చిన్న పాదములలో కూడుకొనును. సానెట్టులోని మలుపు, సీసము నుండి గీతికి దిగు మలుపు ఒక జాతివే. భేదమేమనగా, సానెట్టునకు ప్రాణము పాదాంతమున కలియు అంత్యప్రాస. మనకు ప్రాణము పాదము నడుమ కలియు యతి. ఇంగ్లండులో ఈ పద్యము మరియొక రూపము దాల్చినది. నాలుగేసి పాదములు మూడు కట్టి, తుదను రెండు పాదములతో ముడివేయుట వారి పద్ధతి. 1609లో అచ్చయిన షేక్స్పియరు సానెట్టులు 154 దాదాపు అన్నియు ఇట్టివే.

ఇటలీ పద్యము ఇతర దేశములకు పోయిన తీరు వినదగినది. 1526లో స్పెయినులోని గ్రనాడా నగరమున వెనిసు రాయబారి నవగేరో, స్పెయిను కవి బొస్కానుతో ముచ్చటించుచు, మీ కాస్టీలు భాషలో సానెట్టు ఏల వ్రాయరాదని యడిగెను. ఇంటికి మరలు దూరప్రయాణమున బొస్కాను ఆ మాటనే తలపోసి ప్రయత్నించెను. ఆయన మిత్రుడు గార్సిలాసో దె లా వేగా ప్రోత్సహించి, తానును చేపట్టి, గురువును మించిన శిష్యుడైనట్లు బొస్కానును మించెను. గార్సిలాసో సైనికుడు. 1536లో ఒక కోటను ఎక్కబోయి గాయపడి మరణించెను. బొస్కాను 1542లో గతించెను. మరుసటి యేట, 1543లో, బొస్కాను భార్య ఇరువురి పద్యములను ఒకే గ్రంథముగా అచ్చువేయించెను. స్పెయిను కవిత్వపు మహాయుగమునకు ఆ గ్రంథము తలుపు తెరిచినది.

ఫ్రాన్సులో ఈ సంగతి ఒక ఉద్యమమే యయ్యెను. 1539లో ఫ్రాంస్వా రాజు న్యాయస్థానముల పత్రములు లాటినులో గాక ఫ్రెంచిలో నుండవలెనని శాసించెను. 1549లో జొయాకిం ద్యు బెల్లే అను యువకవి ఫ్రెంచి భాషను సమర్థించుచు నొక చిన్న గ్రంథము ప్రకటించెను. ఆయన వాదము నేటికిని చదువదగినది. మన భాష పేదది, గొప్ప విషయము లిందు చెప్ప వీలుగాదు అనువారికి ఆయన యిచ్చిన సమాధానము: భాషలు పుట్టుకతో పేదవియు, ధనవంతములును గావు, సాగుచేయువారిని బట్టి పండును. లాటిను మాత్రము మొదట బీడు గాదా? రోమనులు గ్రీకు కవులను భుజించి, జీర్ణించుకొని, తమ రక్తమాంసములుగా చేసికొనుటచేతనే అది పండినది. కనుక లాటిను, గ్రీకు నేర్వుడు, గట్టిగా నేర్వుడు; నేర్చి తెచ్చి యింట నింపుడు అనెను. మాటకు మాట మార్చు అనువాదముతో ఈ పని కాదని గూడ ఆయన హెచ్చరించెను.

ఈ సూత్రము చెప్పక పూర్వము ఐదువందల యేండ్లకే నన్నయ దానిని ఆచరించి చూపెను. వ్యాసభారతమును మాటకు మాట దింపక, తెలుగువాని చెవికి తగినట్లు పెంచి, కుదించి, క్రొత్తగా కట్టెను. తిక్కన చేతిలో ఆ జీర్ణక్రియ పూర్తియైనది.

ద్యు బెల్లే తరువాత నాలుగేండ్లు రోమునగరమున తన బంధువగు మతాధికారి కొలువులో నుండెను. పుస్తకములలో పూజించిన రోమును కన్నులార చూచెను. చూచినకొలది, లోవారు నది సీమయందలి తన పల్లె లీరే జ్ఞప్తికి వచ్చుచుండెను. పాలరాతి మేడలకంటె తన పెద్దలు కట్టిన యిల్లే మేలని తోచెను. ఆ పరితాపము 1558లో "రెగ్రే" అను సానెట్టుల సంపుటిగా వెలువడినది. వలసపోయినవాడు తన ఊరి పొగగొట్టమును తలచుకొని కంటనీరు పెట్టుకొను ఆ కవిత, గల్ఫుదేశములకు, మహానగరములకు బిడ్డలను పంపిన మన పల్లెలకు వేరుగ వివరింపనక్కరలేదు.

ఆయన మిత్రుడు రోంసారు యౌవనముననే రోగముచే చెవుడు గలిగి రాజోద్యోగము విడిచి కవియైనవాడు. గ్రీకు క్షుణ్ణముగా చదివెను. ప్రాచీనుల మహాకావ్యమునకు దీటుగా "ఫ్రాంసియాడు" అను కావ్యము 1572లో నాలుగు సర్గలు ప్రకటించి నిలిపివేసెను. ఆయనకు కీర్తి తెచ్చినవి ప్రేమను, గులాబీని, గడచిపోవు యౌవనమును పాడిన చిన్న గీతములే. పెట్రార్కు కథ మరల జరిగినదన్నమాట.

దేశభాష యని యెంచుకొన్నంత మాత్రమున తగవు తీరలేదు. ఏ దేశభాష? పాతదా, నేటిదా? 1501లో వెనిసులో ఆల్దో మనూత్సియో అను ముద్రాపకుడు పెట్రార్కు పద్యములను చేతిలో నిముడు చిన్న పుస్తకముగా అచ్చువేసెను. దానిని పరిష్కరించిన పియెత్రో బెంబో, కవిత్వమునకు రెండువందల యేండ్ల నాటి పెట్రార్కు భాషయే ప్రమాణమని 1525లో వాదించెను. నేడు సభ్యులు మాటలాడు వాడుకయే ప్రమాణమని కస్తిల్యోనే వంటివారు ఎదురు వాదించిరి. గ్రాంథిక, వ్యావహారిక వాదములను, గిడుగు రామమూర్తిపంతులుగారి పోరాటమును ఎరిగిన మనకు ఈ వాదము వినగానే నవ్వు వచ్చును. ఇటలీలో వ్రాతకు బెంబో పక్షము గెలిచినది. మనకు గిడుగువారి పక్షము గెలిచినది. ఈ ప్రసంగము ఏ పక్షమున నున్నదో శ్రోతలకు ఇప్పటికే తెలిసియుండును. అందుకు నన్ను మన్నింతురు గాక.

తల్లిభాష గద్దె నెక్కినపుడు, అంతకు మునుపు వాకిట నిలిచినవారు లోనికి వచ్చిరి. లాటిను బడులు ఆడువారికి దాదాపు మూయబడియుండెను; దేశభాష కట్టి తలుపు లేదు. 1555లో ఫ్రాన్సులోని లియోను నగరమున లుయీజు లాబే పేరిట 24 సానెట్టులతో గూడిన గ్రంథము అచ్చయినది. ఆమె తండ్రియు, భర్తయు త్రాళ్ళు పేనువారు. గ్రంథము ముందటి లేఖలో ఆమె, స్త్రీలు కదుళ్ళు, కండెల మీదినుండి మనస్సును పైకెత్తి విద్యపై నిలుపవలెనని కోరెను. మన జిల్లావారు బద్వేలు దగ్గరి గోపవరము తమదని గర్వించు కుమ్మర మొల్ల ఈ త్రాళ్ళవారి కవయిత్రికి తోబుట్టువు వంటిది. శాస్త్రములు నేర్చినదానను గానని వినయముతో చెప్పి, వినగానే అర్థము తెలియునట్లుండవలెనని నియమము పెట్టుకొని, మొల్ల రామాయణము చెప్పెను. ఒకరు త్రాడు పేనువారి యిల్లు, ఒకరు కుండలు చేయువారి యిల్లు. ఇద్దరికిని చాలినది తల్లిభాషయే.

చివరగా మన నేలను తన కావ్యమున పేర్కొన్న కవి యొకడు కలడు. పోర్చుగలు దేశపు కమోంయిష్ యుద్ధమున ఒక కన్ను పోగొట్టుకొని, 1553లో ఓడయెక్కి గోవాకు వచ్చెను. పదునేడేండ్ల వరకు తూర్పుదేశములలో సిపాయిగా, చిన్న యుద్యోగిగా గడపెను. మెకాంగు నది ముఖమున ఓడ పగులగా వ్రాతప్రతిని నీటిపైకెత్తి పట్టి యీదెనని జనశ్రుతి. వాస్కో ద గామా యాత్రను పాడిన ఆ కావ్యము, "లుజియాదులు", 1572లో లిస్బనులో అచ్చయినది. పది సర్గలు, 1102 పద్యములు, అన్నియు పోర్చుగీసు భాషలో. అందు "నర్సింగ" అను రాజ్యము వచ్చును. అది విజయనగరమే. సాళువ నరసింహరాయల పేరుమీద పోర్చుగీసువారు ఆ రాజ్యము నట్లు పిలిచిరి. బంగారము, రత్నములు మెండుగాని జనబలము అంత లేదని కమోంయిష్ దానిని గూర్చి యొక చురక వేసెను. ఆ కవి తూర్పుననే యుండగా, 1565లో, రక్కసితంగడి యుద్ధమున ఆ సామ్రాజ్యము కూలినది. జమ్మలమడుగు ప్రక్కన గండికోట నేలిన పెమ్మసానివారు ఆ సామ్రాజ్యమునకు సామంతులు. కోట గోడమీద నిలిచి పెన్న లోయను చూచువారు, ఈ రాజ్యపు పేరు దూరదేశపు మహాకావ్యమున నున్నదని ఒక్కసారి తలచుకొనవచ్చును.

రాజుపాలెపు పెద్దాయన ప్రశ్నకు ఇక బదులు చెప్పవలెను. ఆ పంచలో నేను చెప్పలేకపోయితిని, త్రోవలో తోచినది. ప్రొద్దుటూరు దాటి, పెన్నకు ఆవల, యెఱ్ఱగుంట్ల ప్రాంతమున కలమళ్ళ అను గ్రామము కలదు. రేనాటి చోళుడగు ఎరికల్ ముత్తురాజు ధనంజయుని శాసనము అచ్చటి దేవాలయమున దొరకినది. క్రీ.శ. 575 ప్రాంతమునకు చెందిన ఆ శాసనము తెలుగులో వ్రాయించిన శాసనములలో అతి ప్రాచీనముగా ఎన్నబడుచున్నది. రాజశాసనములకు ప్రాకృతము, సంస్కృతము మర్యాదయైన కాలమున, ఈ రేనాటి రాజు తన జనులాడు భాషను రాతికెక్కించెను. ఫ్రాంస్వా రాజు ఫ్రెంచికి చేసిన పనిని అంతకు దాదాపు వేయి సంవత్సరములు ముందుగా ఈ నేలమీద నొకడు చేసెను.

అట్లని ఆంగ్లమును మానుమని నే ననలేను. ఇంతవరకు చెప్పిన కవులలో పరభాష నేర్వనివాడు అరుదు. పెట్రార్కు లాటిను చదివెను, రోంసారు గ్రీకు చదివెను, బొస్కాను ఇటలీవారిని చదివెను. ప్రొద్దుటూరున నివసించిన పుట్టపర్తి నారాయణాచార్యులుగారు పలు భాషలు నేర్చిన బహుభాషావేత్త. ఆ యూరి అగస్త్యేశ్వరాలయమున కూర్చుండి వ్రాసిన శివతాండవము మాత్రము తెలుగు. నేర్చినవారందరు సరకు తెచ్చి యింటికి చేర్చిరి. ఇంటి త్రోవ మరచినవాడు తెచ్చిన సరకు నెచ్చట దింపును?

కావున పెద్దాయనా, మనుమని ఇంగ్లీషు బడికి పోనిండు. సాయంకాలము మాత్రము వానిని పంచలో కూర్చుండబెట్టి ఆ వేమన పద్యమును మరల పాడుడు. అర్థము కాలేదన్న మాటమాట విప్పి చెప్పుడు. బడిలో నేర్చిన యొక ఇంగ్లీషు పద్యమును మీకు తెలుగున చెప్పుమని వానిని అడుగుడు. వాడు తడబడును, వెదకును, చివరకొక మాట దొరకబుచ్చుకొనును. ఆ మాట దొరకిన క్షణమున మీ పంచలో జరుగునదే పునరుజ్జీవనము.